ఉయ్యాల పైన ఎర్రగడ్డలు

మా అత్తగారింట్లో బిడ్డకు ఉయ్యాల కట్టే దూలమూ, విత్తనం ఎర్రగడ్డలు వేలాడదీసే దూలమూ ఒకటే. వంటింటి పొయ్యి పొగ అడ్డగోడ మీదుగా వచ్చి ఆ దూలం చుట్టూ కాసేపు తిరిగి, పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది. ఆ పొగ తగిలితే గడ్డ మెత్తబడదు. ఆ పొగే తగిలితే బిడ్డను దోమ కుట్టదు. అందుకని ఎర్రగడ్డలను, అంటే సాంబారులో వేసే చిన్న ఉల్లిగడ్డలను, ఎండిన ఆకులతోనే జడలుగా అల్లి పైన వరసగా కట్టి, వాటి కిందనే చీర ఉయ్యాల వేసేవాళ్లు. నా భర్త అట్లాగే పెరిగాడు, వాళ్ల అక్కా అట్లాగే పెరిగింది.

నేను తమిళనాడులో హోసూరు పక్కనున్న మత్తిగిరిలో ఉద్యోగస్తుల ఇళ్ల మధ్య పెరిగినదాన్ని. ఎర్రగడ్డలు సంచిలో వస్తాయని తప్ప చేన్లో ఎట్లా ఉంటాయో తెలీదు. బీకాం అయినాక కెలమంగలం దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చాను. నా భర్త హోసూరులో ఒక ఫ్యాక్టరీకి షిఫ్టులకు పోయేవాడు. చేను మా అత్తది. నాకు కూతురు పుట్టినాక నా పనంతా భయపడటమే అయింది. తాడు తెగుతుందేమో, బల్లి పడుతుందేమో, పొగకు దగ్గు వస్తుందేమో. బిడ్డ దగ్గితే భయం, దగ్గకుండా చాలాసేపు ఊరుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేంత భయం. మా అత్త అనేది: "ఏమ్మా, నువ్వు కనింది బిడ్డనా, భయాన్నా?"

ఆ దూలం మీది విత్తనం గురించి చెప్పాలి. మా అత్త దాన్ని ఎప్పుడూ సంతలో కొనలేదు. తన అత్త చేతి నుంచి వచ్చిన గడ్డలనే పండించి, అందులో మంచివి ఏరి, మళ్లీ దూలానికి కట్టి, అట్లా నడుపుతూ వచ్చింది. ఇంటి ఆడబిడ్డ పెళ్లయి పోయేటప్పుడు పసుపు పూసిన జడ ఒకటి వెంట పంపుతారు. మా వదిన, అంటే నా భర్త అక్క, ఊత్తంగరై దగ్గరికి పెళ్లయి పోయినప్పుడు అట్లాగే తీసుకుపోయింది. ఒకసారి ఆడబిడ్డకు ఇచ్చిన విత్తనాన్ని పుట్టిల్లు తిరిగి అడగకూడదు. అడిగితే ఆ ఇంట్లో విత్తనం చచ్చిపోయినట్టు, ఇల్లు ఎండిపోయినట్టు. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఏటా ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఆడబిడ్డ వచ్చినప్పుడు కొత్త జడ ఒకటి ఇచ్చి పంపుతారు. ఆమె దాన్ని తన దగ్గరున్న విత్తనంతో కలిపి నాటుకోవాలి. అట్లా కలిపితే ఆమె చేను పుట్టింటిని మరిచిపోదట. వినడానికి నాకు ఎంతో బాగుండేది.

ఆ ఏడు వైశాఖంలో దూలం మీది గడ్డల్లో సగం కిందికి దించి బావి కింది చేన్లో నాటారు. మిగతా సగం పైనే ఉంది. ఆడి నెల మొదట్లో మా వదిన వచ్చి, మేనకోడలిని ఎత్తుకుని ముద్దులాడి, తన వంతు జడ పట్టుకుని పోయింది.

ఆమె పోయినాకనే చేను పసుపు తిరగడం మొదలైంది.

మొదట కాలువ మొగదల్లో ఒక మడి. ఆకుల కొసలు పసుపుపచ్చగా మారి, కిందికి మెలిదిరిగి వంగినాయి. యూరియా తక్కువైందని నా భర్త అన్నాడు. దారిన పోయేవాళ్ల దిష్టి అని అత్త అంది. ఇద్దరూ తమకు తోచిన వైద్యం చేశారు. ఆయన ఎరువు చల్లి నీళ్లు గట్టిగా కట్టాడు. ఆమె మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. మడి మాత్రం ఇంకా వాలిపోయింది. అత్త వాడిన మొక్కలు పీకి గంపలో పెట్టుకుని పోయి తిప్పలో వేసింది. మాకు తిప్ప అంటే పేడకుప్ప మాత్రమే కాదు. దీపావళి నాడు దాని మీద కూడా దీపం పెడతాం. చేన్లో పుట్టింది ఏదీ పారేయకూడదు, కాల్చకూడదు, తిప్పకే చేరాలి. ఏడాదికొకసారి ఆ తిప్పే మళ్లీ చేనికి పోతుంది.

ఒక మధ్యాహ్నం నేను బిడ్డ గుడ్డలు మడతపెడుతున్నాను. ఉయ్యాలలోంచి మెత్తని చప్పుడు వినిపించింది. పరుగెత్తి చూస్తే బిడ్డ చెవి పక్కన ఒక ఎర్రగడ్డ. పైనుంచి రాలింది. బిడ్డ దాన్ని పట్టుకోబోతోంది. లాక్కున్నాను. పైపొర ఎర్రగా, నున్నగా, ఎంతో అందంగా ఉంది. తిప్పి చూస్తే అడుగు లేదు. వేళ్లు పుట్టే చోట గోధుమరంగు బురద, దాని మీద పత్తిలాగా తెల్లటి బూజు. నా వేలు గడ్డలోకి దిగిపోయింది.

ఆ బూజు పొడి ఎన్నాళ్లుగా నా బిడ్డ మీద రాలుతోంది? ఉయ్యాల విప్పి, బిడ్డకు తలారా స్నానం చేయించి, చీర ఉడకబెట్టి, బిడ్డను చంకన వేసుకుని చేనికి పోయాను. పసుపు తిరిగిన మొక్క ఒకటి పట్టుకుని లాగాను. ఎర్రగడ్డ మొక్కను పీకితే మట్టి వదలకుండా పట్టుకుంటుంది. ఇది కుండీలో గుచ్చిన ఊదుకడ్డీలాగా ఊడి వచ్చింది. వేరు ఒక్కటి లేదు. అడుగున అదే గోధుమరంగు, అదే తెల్లబూజు.

ఇంట్లో రాలిందీ చేన్లో కుళ్లిందీ ఒకటే.

మరుసటి ఉదయం పచ్చగా ఉన్న మొక్క ఒకటి, వాడింది ఒకటి, ఉయ్యాలలో రాలిన గడ్డ, మూడూ నా భర్త అన్నం డబ్బాలో పెట్టుకుని కృష్ణగిరి వ్యవసాయాఫీసుకు బయలుదేరాను. అత్త గడపలో నిలబడింది.

"చంటిబిడ్డను ఎత్తుకుని యాడికి పోతావు? ఎర్రగడ్డకు డాక్టరు చీటీ రాయించేదానికా?"

"అడిగి వస్తానత్తా."

"అడుగు, అడుగు. దానికి సూది కూడా వేయించుకుని రా."

బస్సులో డబ్బా మూత ఎంత గట్టిగా మూసినా వాసన ఆగలేదు. కండక్టరు ముక్కు మూసుకుని వచ్చాడు. "ఏమమ్మా, సాంబారు చెడిపోయినట్టుండాదే. ఇంటాయనకు ఈ పొద్దు పస్తేనా?" వెనక సీటు ముసలమ్మ ఊరుకోలేదు. "బిడ్డ ఏదో చేసిందిలే అప్పా, నువ్వు టికెట్టు ఇయ్యి." బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. డబ్బా పట్టుకున్న చేయి బిడ్డకు తగలకుండా దూరంగా చాపుకునే కూర్చున్నాను.

ఆఫీసులో ఉన్నాయన తమిళంలోనే మాట్లాడాడు. వాడిన మొక్కను చూసి తల ఊపాడు. పచ్చగా ఉన్నదాన్ని తీసుకుని, బ్లేడుతో గడ్డను నిలువునా రెండుగా చీల్చాడు. పైన ఏ జబ్బూ కనిపించని ఆ గడ్డ అడుగున సన్నటి గోధుమరంగు చార పైకి పాకుతోంది.

"అడుగు కుళ్లు. ఇది బూజు జబ్బు. మట్టిలో ఉంటుంది, విత్తనంలో ఉంటుంది. తడి ఎక్కువైతే, ఎండ కాస్తే ఊరుకోదు. ఆకు పసుపు తిరిగేసరికి కింద పని అయిపోయి ఉంటుంది."

"నీళ్లు బాగా కట్టినాము" అన్నాను.

"ఆపేయండి. వాడినవాటిని చుట్టుపక్కల మట్టితో సహా తవ్వి తీయండి. ఇంతకుముందు పీకినవి ఎక్కడ వేశారు?"

"తిప్పలో."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ తిప్ప ఎరువును ఏ ఎర్రగడ్డ చేనికీ తోలవద్దన్నాడు. మిగిలిన మొక్కల మొదళ్లలో రాగి లోహంతో చేసిన బూజుమందు కలిపిన నీళ్లు పోయమన్నాడు. అది చచ్చినదాన్ని బతికించదు, బతికున్నదాన్ని కొంచెం కాస్తుంది, అంతే. ఆ నేలలో కొన్నేళ్లు ఎర్రగడ్డా తెల్లగడ్డా మరిచిపోయి రాగులు వేసుకోమన్నాడు. తర్వాత నాటేటప్పుడు మంచి పేడ ఎరువులో ఒక పొడి కలిపి చల్లాలన్నాడు. అది కూడా బూజేనట, కానీ చెడ్డ బూజును తినే బూజట.

"నా బిడ్డ మీద రాలిందండీ" అన్నాను.

"బిడ్డకేమీ కాదమ్మా. ఇది గడ్డకు పట్టే జబ్బు. ముందు విత్తనం మాట చెప్పండి. ఇంట్లో ఉన్నది నాటవద్దు. ఎవరికైనా ఇచ్చారా?"

నాకు మా వదిన గుర్తొచ్చింది. పసుపు పూసిన జడ గుర్తొచ్చింది. కలిపి నాటాలన్న పద్ధతి గుర్తొచ్చింది.

ఆఫీసు ఎదురుగా ఉన్న బూత్‌లోంచి వాళ్ల ఊరి అంగడికి ఫోను చేశాను. అంగడాయన తీరికగా, "వాళ్లంతా చేన్లో ఉండారమ్మా. మొన్న వాన పడింది కదా, ఈ పొద్దు ఎర్రగడ్డ నాటతా ఉండారు. ఏమన్నా చెప్పాల్నా?" అన్నాడు. నాటవద్దని చెప్పమన్నాను. "నాటొద్దని చెప్పాల్నా? ఎవరు చెప్పినారని చెప్పాల?" అంటూ ఉండగానే లైను తెగింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి చెప్పే వీలు లేదు. ఊత్తంగరై బస్సు కదులుతుంటే ఎక్కేశాను. దారి పొడవునా తడిసిన నేలలే. మామూలుగా వాన చూస్తే ఎవరికైనా సంతోషం. నేను కిటికీలోంచి ప్రతి మడిలో వంగి ఉన్న ఆడవాళ్లను చూస్తూ, వీళ్లలో మా వదిన ఉంటే అని భయపడుతూ కూర్చున్నాను. మా ఇంట్లో విత్తనం పోయింది, అది ఖాయం. ఇక ఆ విత్తనం ఈ భూమ్మీద ఎక్కడైనా బతికుందంటే మా వదిన పెళ్లినాడు తీసుకుపోయి పెంచుకున్నదే. దాన్ని ఆమె ఈ రోజు మేమిచ్చిన రోగంతో కలిపేస్తోంది. కలిపితే అదీ పోతుంది, ఆమె నేలా పోతుంది. బిడ్డ ఆకలికి ఏడుస్తుంటే పాలిచ్చాను. బిడ్డ తాగుతూ నా ముఖంలోకి చూసింది. నా భయం పాలలోకి పోతుందేమోనని ఇంకో భయం పట్టుకుంది.

చేను దగ్గరికి పోయేసరికి మా వదిన మడిలో వంగి ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. బిడ్డను ఎత్తుకుని, చెప్పాపెట్టకుండా, ఒంటరిగా వచ్చిన మనిషి ఏ వార్త తెస్తుందో ఆమె ముఖంలో కనిపించింది.

"అమ్మకేమన్నా అయిందా?"

"లేదు వదినా. అత్త బాగుండాది. ఎర్రగడ్డ నాటొద్దు."

ఆమె ఊపిరి వదిలి, తర్వాత కోపం తెచ్చుకుంది. "ఇంత దూరం నా గుండె ఆపేదానికి వచ్చినావా? ఏమైందిప్పుడు ఎర్రగడ్డకు?"

చెప్పాను. డబ్బా తెరిచి చూపించాను. ఆమె ముక్కు చిట్లించింది. "చేన్లో నీళ్లెక్కువై కుళ్లింటుంది. దానికి మా అమ్మ కట్టిన విత్తనానికి పేరు పెడతావా? నాలుగేండ్లు కాలేజీకి పోతే గడ్డ కడుపులో ఏముందో కనపడతాదా?"

"మూడేండ్లే వదినా. కొడవలి ఇయ్యి, కోసి చూస్తాం."

"నాటే గడ్డను కోస్తారా ఎవరన్నా?"

అయినా ఇచ్చింది. గట్టు మీద మా జడలోని గడ్డలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒకటి కోశాను. తెల్లగా, శుభ్రంగా ఉంది. ఇంకొకటి కోశాను. అదీ తెల్లగానే ఉంది. నాటడానికి వచ్చిన ఆడవాళ్లు చుట్టూ చేరారు. "పట్నం కోడలు ఈడనే సాంబారు పెట్టేటట్టుండాది" అని ఒకామె అంటే అందరూ నవ్వారు. మరొకటి కోశాను. తెలుపే. నా చెవులు వేడెక్కాయి. లోపల గోధుమరంగు కనబడితే బాగుండునని అనుకున్నాను. ఆ కోరిక ఏమిటో వెంటనే అర్థమైంది. మా వదిన చేను పాడు కావాలని కోరుకోవడమే కదా అది.

తర్వాతి గడ్డ అడుగున చార ఉంది. ఆ పక్కదానిలోనూ ఉంది.

మా వదిన ఆ రెండు ముక్కలనూ అరచేతిలో పెట్టుకుని వెలుగుకు తిప్పి చూసింది. బొటనవేలితో అడుగు నొక్కింది. చాలాసేపు నొక్కుతూనే ఉంది.

"కలిపేసినావా వదినా?" అని అడిగాను.

"ఇంకా లేదు. అమ్మ ఇచ్చింది ముందు నాటి, నాది తర్వాత కలుపుదామని." ఆమె చేయి చూపించింది. కాలువ పక్కన ఒక మడి. "ఆ మడి అయింది. నాది ఇంట్లో పొయ్యి పైన అట్లనే ఉండాది."

బిడ్డను ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూలబడ్డాను.

నాటిన గడ్డను ఆ రోజే తవ్వి తీయడం మా వైపు ఎవరూ చేయరు. ఉయ్యాలలో వేసిన బిడ్డను నిద్రపట్టకముందే ఎత్తినంత పాపమంటారు. నాటడానికి వచ్చినవాళ్లలో ఒక్కరూ ముందుకు రాలేదు. మా వదిన కొంగు బిగించి తనే వంగింది. ఒక్కొక్క గడ్డనూ పక్క మట్టితో సహా పారతో ఎత్తి గోతాంలో వేసింది. ఆమె ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఏడుస్తోందో, తిడుతోందో తెలీలేదు. "మా అమ్మకు ఎవరు చెప్తారు? నువ్వే చెప్పు. చదువుకున్నదానివి కదా" అని మాత్రం ఒకసారి అంది. గోతాన్ని తిప్పకు మోసుకుపోబోతుంటే ఆపాను. బండరాళ్ల పక్కన బీడులో కట్టెలు పేర్చి కాల్చాం. ఎర్రగడ్డలు కాలుతుంటే వంటింటి వాసనే వచ్చింది. బిడ్డ ఆ వాసనకు చేతులు చాపి నవ్వింది.

అంగడాయన దయతో మా ఊరికి కబురు పంపి, ఆ రాత్రికి అక్కడే ఉండి, పొద్దున్నే బయలుదేరాం. మా వదిన కూడా వచ్చింది. ఆమె చంకలో ఒక గుడ్డ మూట ఉంది. అది ఏమిటని నేను అడగలేదు. అడగకూడదని తెలుసు.

మా అత్త అంతా వింది. తర్వాత లేచి, నిచ్చెన వేసుకుని, దూలం మీది జడలను ఒక్కొక్కటే విప్పి కింద వేసింది. మమ్మల్ని ఎక్కనీయలేదు. చివరి జడ విప్పి దిగినాక, ఖాళీ దూలాన్ని చూస్తూ అంది: "సంతలో కొనుక్కుని నాటే ఇల్లయిపోయె ఇది."

మా వదిన మూట విప్పింది. అందులో పెళ్లినాడు ఇచ్చిన విత్తనం సంతతి, కొత్తగా పసుపు పూసిన జడ. అత్త చేతులు వెనక్కి తీసుకుంది. "వద్దు. ఇచ్చింది తిరిగి తీసుకునేంత గతి పట్టలేదు మాకు."

"నీకెవరు ఇస్తా ఉండారు?" అంది మా వదిన. "నీకు చేయి చాపే పనే లేదు. ఇది నా మేనకోడలికి. మేనత్త పెట్టే సారె. వద్దని చెప్పు చూస్తాం." అని జడను తీసుకుపోయి, చాప మీద కూర్చున్న నా కూతురి ఒళ్లో పెట్టింది. బిడ్డ వెంటనే ఒక గడ్డ ఊడబీకి నోట్లో పెట్టుకుంది.

నేను కెవ్వున అరిచాను. మా అత్త, వదిన ఇద్దరూ నా అరుపుకు నవ్వారు. నవ్వుతూనే మా అత్త కళ్లు తుడుచుకుంది. ఆ గడ్డను బిడ్డ నోట్లోంచి నేనే తీసి, కడిగి, నిలువునా కోసి చూశాను. తెల్లగా ఉంది.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. బావి కింది చేన్లో రాగులే వేస్తున్నాం. ఆ తిప్ప ఎరువు రాగులకే తోలాం. తిప్పకు దీపం పెట్టడం మానలేదు, కుళ్లిన గడ్డ మాత్రం దానికి చేరనీయం. అత్తే గోతాం పట్టుకుని బీడుకు పోతుంది. ఎర్రగడ్డ పైచేన్లో కొంచెమే, నీళ్లు నిలవకుండా మిట్టమడుల్లో నాటుతున్నాం. ఆ పొడి కలిపిన ఎరువు చల్లుతున్నాం. ఉయ్యాల అవసరం ఇప్పుడు లేదు. విత్తనం పొయ్యి పైకి మారింది. పొద్దున్నే చేనికి పోయి ఏదో ఒక మొక్కను లాగి చూస్తాను. మట్టి పట్టుకుంటే ఆ రోజుకు ఊపిరి ఆడుతుంది. కానీ పట్టుకున్న మొక్క వేళ్లను నేనే తెంచానే అని ఇంటిదాకా బాధ.

రేపు మా వదిన వస్తోంది. ఈ ఏడు ఆమె దగ్గర వానలు సరిగా లేక విత్తనం తగ్గిందట. జడ ఒకటి కావాలని అంగడి ఫోనులో అడిగింది. ఆడి నెలలో జడ ఇవ్వడం మానేసిన తర్వాత ఇదే మొదటిసారి. సాయంత్రం నుంచీ ఒక్కొక్క గడ్డ అడుగూ నొక్కి చూశాను. అనుమానం వచ్చినవి కోశాను. అనుమానం రానివి కూడా కోశాను. మా అత్త చూసి చూసి, "నువ్వు పరీక్ష పెట్టేదానికే సగం పాయె. ఇంక మీ వదినకు సాంబారు పంపియ్యి" అని పడుకుంది.

కోసినవన్నీ తెల్లగానే ఉన్నాయి. కానీ కోసినవి నాటడానికి పనికిరావు. నాటడానికి పంపేవి కోయనివే. వాటి లోపల ఏముందో నాకు తెలీదు. జడ అల్లడం అయింది. పసుపు పూశాను. మా వదినకు చెప్పవలసినది ఒక్కటే. దీన్ని వేరే మడిలో, కాలువకు దూరంగా, దాని నీళ్లు నీ మడుల్లోకి పారకుండా కిందివైపు నాటుకో, నీ విత్తనంతో కలపవద్దు. పంట చేతికి వచ్చి, గడ్డలు కోసి చూసేదాకా నీ చేను పుట్టింటిని మరిచిపోయినా ఫరవాలేదు.